సోదా చెయ్యండి, చిన్నబుచ్చకండి

"అయ్యగారూ, మావాడు గంజాయి మానేశాడు. దాంతోపాటు ఆసుపత్రీ మానేశాడు."

మా సంఘంలో ఒక తల్లి నాతో ఈ మాట అని మూడు నెలలైంది. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఈ సంపాదకీయం ఆమెకు నేను బాకీపడ్డ జవాబు అనుకోండి.

వాళ్లది తాతల కాలంలో కూలి పనికి వలస వచ్చి ఈ నగరంలోనే పాతుకుపోయిన తెలుగు కుటుంబం. అబ్బాయికి ఇరవై మూడేళ్లు. మూడేళ్లపాటు గంజాయి తాగాడు. క్రితం ఏడాది ఎవరో తనను వెంటాడుతున్నారని, గోడల్లోంచి తన పేరు పిలుస్తున్నారని చెప్పడం మొదలుపెట్టాడు. నిద్ర పోయింది. పని పోయింది. ఎంతో బతిమాలి ఒక మానసిక ఆసుపత్రిలో చేర్చాం. మూడు వారాలకు మనిషి తేరుకున్నాడు. అమ్మ తెచ్చిన ఇడ్లీ తిన్నాడు, నాతో క్రికెట్ గురించి మాట్లాడాడు.

సరిగ్గా అప్పుడే ఒక సాయంత్రం వార్డు మరుగుదొడ్డిలో గంజాయి పొట్లం ఒకటి దొరికింది. పావుగంటలో సెక్యూరిటీవాళ్లు వచ్చి మగ రోగులందర్నీ వరండాలో వరస కట్టించారు. చొక్కాలూ ప్యాంట్లూ విప్పించారు. సంచులు నేలమీద కుమ్మరించారు. వరండా చివర ఆడ అటెండర్లు నిలబడి చూస్తున్నారు. ఎందుకు విప్పమంటున్నారో ఎవరూ చెప్పలేదు. చెప్పిన రెండు మాటలూ తెలుగులో కాదు. తెలుగు తప్ప మరో భాష రాని ఒక పెద్దాయన తనను జైలుకు తీసుకుపోతున్నారనుకుని ఏడ్చాడట. ఎవరి దగ్గరా ఏమీ దొరకలేదు. "సరే, పోండి" అన్నారు. అంతే.

డిశ్చార్జి అయిన తర్వాత ఆ అబ్బాయి మళ్లీ ఓపీకి వెళ్లలేదు. మాత్రలు అయిపోయాక కొననివ్వలేదు. రెండు నెలలకు గోడలు మళ్లీ మాట్లాడటం మొదలుపెట్టాయి. "నన్ను వెంటాడుతున్నారని చెబితే అది జబ్బు అన్నారు. మరి ఆ రోజు వచ్చినవాళ్లు ఎవరు?" అని వాళ్లమ్మను అడిగాడు. ఏ డాక్టరైనా ఆ ప్రశ్నకు ఏమని చెబుతాడు?

ఈ మధ్య అదే ఆసుపత్రిలో రోగుల బంధువులతో జరిగిన సమావేశానికి నేనూ వెళ్లాను. మళ్లీ పొట్లాలు దొరుకుతున్నాయని, ఇకమీదట పోలీసు కుక్కను తెప్పించి వార్డులు తనిఖీ చేయించే ఆలోచన ఉందని యాజమాన్యం చెప్పింది. సగంమంది బంధువులు చప్పట్లు కొట్టారు. మిగతావాళ్లు తల దించుకున్నారు. ఇద్దరి మనసూ నాకు అర్థమైంది. అందుకే ఈ విషయాన్ని కాస్త నెమ్మదిగా ఆలోచిద్దామని పాఠకులను కోరుతున్నాను.

నర్సు చెప్పిన రెండో సగం

ముందు ఒక మాట ఒప్పుకోవాలి. మానసిక ఆసుపత్రిలోకి మత్తు రావడం చిన్న విషయం కాదు. ఆ సమావేశం అయ్యాక ఒక సిస్టర్ నన్ను పక్కకు పిలిచి చెప్పింది: "పాస్టర్‌గారూ, మీరు రోగుల వైపు మాట్లాడారు, సంతోషం. కానీ బిస్కెట్ ప్యాకెట్‌లో స్నేహితుడు తెచ్చిచ్చిన గంజాయి తాగి ఒకబ్బాయి ఆ రాత్రంతా గోడకు తల కొట్టుకున్నాడు. పట్టుకోబోయిన నా చెయ్యి విరిగింది. నా వైపు ఎవరు మాట్లాడతారు?"

ఆమె అడిగింది న్యాయమే. గంజాయిలోని టీహెచ్‌సీ అనే పదార్థం సైకోసిస్ ఉన్నవాళ్లలో భ్రమలనూ అనుమానాలనూ మళ్లీ రేపుతుంది. నెలలపాటు మందులతో సాధించింది ఒక్క రాత్రిలో పోవచ్చు. నిద్రకూ ఆందోళనకూ ఇచ్చే మాత్రల మీద నల్లమందు జాతి మత్తు పడితే ఊపిరే ఆగిపోవచ్చు. పైగా వార్డులో సరుకు తిరిగితే అప్పులూ, బెదిరింపులూ తిరుగుతాయి. అందరికంటే బలహీనంగా ఉన్న రోగి దగ్గరే ఇంటినుంచి వచ్చిన డబ్బూ, ఫోనూ గుంజుకుంటారు. మానేద్దామని వచ్చినవాడి పక్క మంచం మీదే పొట్లం విప్పితే వాడికి ఆసుపత్రి ఎందుకు?

కాబట్టి "సోదా వద్దు" అనడం దయ కాదు, వదిలేయడం. సోదా చెయ్యాలా వద్దా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఎవరు, ఎప్పుడు, ఎలా చెయ్యాలి, దొరికింది ఏం చెయ్యాలి అన్నదే ప్రశ్న.

ఆష్‌వర్త్ నేర్పిన పాఠం

ఈ ప్రశ్నతో ఎక్కువకాలం కుస్తీ పట్టిన దేశం ఇంగ్లండు. లివర్‌పూల్ దగ్గర మాఘల్‌లో ఆష్‌వర్త్ అని గట్టి భద్రత ఉన్న మానసిక ఆసుపత్రి ఉంది. అక్కడ రోగులను హింసిస్తున్నారన్న ఫిర్యాదుల మీద విచారణ జరిగి 1992లో బ్లోమ్-కూపర్ నివేదిక వచ్చింది. సిబ్బంది మొరటుతనాన్ని అది బయటపెట్టింది. దానితో పాలన మెత్తబడింది. మెత్తబడటం మంచిదే. కానీ కొన్ని వార్డుల్లో మెత్తదనం కాస్తా పట్టనితనంగా మారింది. 1999లో వచ్చిన ఫాలన్ విచారణ నివేదిక అదే ఆసుపత్రిలోని ఒక విభాగంలో మత్తు పదార్థాలు, మద్యం, అశ్లీల సామగ్రి తిరుగుతున్నాయని, ఒక పసిపాపను కూడా ప్రమాదకరమైన పరిస్థితిలో సందర్శనకు రానిచ్చారని తేల్చింది. ఆ వెంటనే 2000లో టిల్ట్ నివేదిక వచ్చి మళ్లీ భద్రతను బిగించింది.

ఏడేళ్ల తేడాలో ఒకే ఆసుపత్రి మీద రెండు నివేదికలు. ఒకటి కఠినత్వాన్ని తప్పుపట్టింది, రెండోది సడలింపును. ఇది చదివినప్పుడల్లా మన ఊళ్లలో గడియారపు లోలకంలా ఇటూ అటూ ఊగే పెద్దమనుషులు గుర్తొస్తారు. ఒక గొడవ జరిగితే అందర్నీ కట్టెయ్, ఇంకో గొడవ జరిగితే అందర్నీ వదిలెయ్. గౌరవమూ భద్రతా ఒకదానికొకటి శత్రువులనుకున్నంతకాలం ఈ ఊగడం ఆగదు.

కోర్టులు కూడా భద్రతను కొట్టిపారెయ్యలేదు. బ్రాడ్‌మూర్ ఆసుపత్రిలో ప్రత్యేకమైన అనుమానం లేకపోయినా అప్పుడప్పుడూ రోగులను సోదా చేసే విధానాన్ని ఒక రోగి సవాలు చేస్తే, 1998లో అక్కడి అప్పీలు కోర్టు ఆసుపత్రికి ఆ అధికారం ఉందనే చెప్పింది. అయితే అధికారం ఉండటం వేరు, దాన్ని వాడే పద్ధతి వేరు. ఆ పద్ధతిని ఇంగ్లండు తన మెంటల్ హెల్త్ యాక్ట్ ఆచరణ నియమావళిలో రాసుకుంది. 2015లో అమల్లోకి వచ్చిన ప్రతిలో ఎనిమిదో అధ్యాయంలో ఇది ఉంది.

అందులోని సారం ఇది. ప్రతి ఆసుపత్రికీ సోదా గురించి రాతపూర్వకమైన విధానం ఉండాలి. ముందు రోగిని అడగాలి, ఒప్పుకోవడానికి సమయం ఇవ్వాలి. ఏం జరుగుతోందో, ఎందుకో అతనికి అర్థమయ్యే భాషలో చెప్పాలి. ఒప్పుకోకపోతే చికిత్స చేస్తున్న డాక్టరును సంప్రదించి, వైద్యపరంగా అభ్యంతరం ఉందేమో తెలుసుకోవాలి. అంతవరకు రోగిని గమనిస్తూ ఉండాలే తప్ప మీదపడకూడదు. తప్పనిసరైతే వీలైనంత తక్కువ బలం, వీలైనంత ఎక్కువ మరుగు. సోదా చేసేవాళ్లు రోగి లింగానికే చెందినవాళ్లై ఉండాలి. తీసుకున్న వస్తువు ఎక్కడ ఉంచారో చెప్పాలి. ప్రతి సోదాకూ కారణం రాయాలి, ఆ రికార్డులను ఎప్పటికప్పుడు పరిశీలించి యాజమాన్యానికి నివేదించాలి. సోదా అయ్యాక కలతపడ్డ రోగికీ, సిబ్బందికీ తోడు ఉండాలి.

ఈ నియమావళి అచ్చంగా చట్టం కాదు. అయినా బలమైన కారణం లేకుండా ఆసుపత్రి దాన్ని పక్కన పెట్టకూడదని 2005లో, ఆష్‌వర్త్ నుంచే వెళ్లిన మరో కేసులో, హౌస్ ఆఫ్ లార్డ్స్ చెప్పింది. మా అబ్బాయి నిలబడ్డ వరండాను ఈ నియమాల పక్కన పెట్టి చూడండి. ఒక్కటైనా పాటించారా?

కుక్కకు తెలిసేది, తెలియనిది

ఇప్పుడు కుక్క సంగతి. ఇంగ్లండులో కొన్ని మానసిక ఆసుపత్రులు మత్తును పసిగట్టే కుక్కలను పిలిపిస్తాయి. వాటికి మొరిగి మీదపడటం నేర్పరు. వాసన తగిలినచోట మౌనంగా కూర్చోవడమో, నిలబడి చూడటమో నేర్పుతారు. ఎక్కువగా లాబ్రడార్, స్పానియల్ జాతులవి. నిజం చెప్పాలంటే కుక్కను చూసి ముఖం వికసించే రోగులూ ఉంటారు. బట్టలు విప్పించి వెతకడం కంటే కుక్క ఖాళీ గదిలో ఒక చుట్టు తిరిగిపోవడం ఎంతో నయం. కుక్క వస్తుందని తెలిస్తే సరుకు తెచ్చేవాళ్లు కొంత వెనకాడతారు కూడా. ఇవి కుక్క వైపు మాటలు. వాటిని తోసిపుచ్చలేం.

కానీ కుక్కకు ఏం తెలుసో కూడా తెలుసుకోవాలి. కుక్క పసిగట్టేది వాసననే. పొట్లం పోయినా వాసన మిగులుతుంది. గంజాయి తాగే తమ్ముడి పక్కన ఆటోలో కూర్చుని వచ్చిన అమ్మ చీరకూ అంటుకుంటుంది. కాబట్టి కుక్క కూర్చుంటే "ఇక్కడ వెతకొచ్చు" అని అర్థం, "వీడు దొంగ" అని కాదు. పైగా దానికి నేర్పిన వాసనే దానికి తెలుస్తుంది. చీటీ లేకుండా మందుల షాపులో కొన్న మత్తు మాత్రలు, ఖైనీ, సీసాలో మార్చి తెచ్చిన మద్యం గంజాయి కుక్కకు పట్టవు. వార్డుల్లోకి ఎక్కువగా వచ్చేవి ఏవో ఏ నర్సునైనా అడగండి.

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో పోలీసు కుక్కల మీద 2001లో ప్రత్యేక చట్టం చేశారు. అది ఎలా పనిచేసిందో అక్కడి అంబుడ్స్‌మన్ పరిశీలించి 2006లో నివేదిక ఇచ్చాడు. పరిశీలించిన రెండేళ్లలో కుక్కలు 10,211 సార్లు మనుషులను చూపించాయి. ఆ తర్వాత జరిగిన సోదాల్లో మత్తు దొరికింది 26 శాతంలోనే. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురు నలుగురి ఎదుటా సోదా చేయించుకుని ఖాళీ చేతులతో ఇంటికి వెళ్లారు. అది రైల్వే స్టేషన్లూ, బార్లూ, పాటల కచేరీల సంగతి. అక్కడ సోదా అయినవాడు ఇంటికి పోయి మరచిపోవచ్చు. మానసిక వార్డులో ఉన్నవాడు ఎక్కడికి పోతాడు?

ఇంకో పరిశోధన నాకు మరీ గుర్తుండిపోయింది, ఎందుకంటే అది జరిగింది ఒక చర్చిలో. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాస్త్రవేత్తలు 18 కుక్కలనూ వాటిని నడిపించేవాళ్లనూ ఒక చర్చి గదుల్లోకి పంపారు. మత్తుగానీ, పేలుడు పదార్థంగానీ ఎన్నడూ ఉండి ఉండదనే చర్చిని ఎంచుకున్నారు. కొన్నిచోట్ల ఎర్ర కాగితాలు అంటించి, అవి సరుకు ఉన్న చోటును చూపిస్తాయని కుక్కల యజమానులను నమ్మించారు. నిజానికి గదుల్లో సరుకేమీ లేదు. అయినా 225 సార్లు కుక్కలు "ఇక్కడ ఉంది" అన్నట్టు యజమానులు చెప్పారు. కుక్కలను ఆకర్షించే మాంసం దాచిన చోట్ల కంటే, మనుషులను నమ్మించే కాగితం ఉన్న చోట్లే ఎక్కువ. 2011లో ఈ పరిశోధన ప్రచురితమైంది.

దీనర్థం కుక్కలు పనికిరావని కాదు. తాడు పట్టుకున్న మనిషి మనసులోని అనుమానం తాడు గుండా కుక్కకు చేరుతుందని. ఆ మనిషి ముందే ఫలానా కులంవాడు, ఫలానా బస్తీవాడు, ఫలానా మతంవాడు తెచ్చి ఉంటాడు అనుకుంటే కుక్క ఎవరి మంచం దగ్గర ఆగుతుంది? మల్కన్‌గిరి, కోరాపుట్ కొండల నుంచి విశాఖ మీదుగా పోయే గంజాయి రైళ్ల గురించి వార్త వచ్చినప్పుడల్లా మొదట అనుమానపు చూపు పడేది ఎవరి మీదో ఒడిశాలోని మన తెలుగువాళ్లకు, ఆదివాసీ సోదరులకు చెప్పనక్కర్లేదు. సంచి మోసిన కుర్రాడు దొరుకుతాడు, సంచి నింపించినవాడు దొరకడు.

రోగి కళ్లతో కూడా చూడాలి. పోలీసులు తన వెంట పడ్డారన్న భ్రమతో చేరిన మనిషి ముందుకు యూనిఫాం వేసుకున్న పోలీసు కుక్కతో వస్తే, డాక్టరు నెలరోజులు చెప్పిన మాట ఒక్క నిమిషంలో కూలిపోతుంది. చిన్నప్పుడు కుక్క కరిచి బొడ్డు చుట్టూ ఇంజెక్షన్లు వేయించుకున్న మనుషులు మనలో ఎంతమంది లేరు? నమాజు చేసుకునే ముస్లిం రోగికి కుక్క నోటి తడి బట్టకు తగిలితే శుద్ధి సమస్య వస్తుంది. ఇవేవీ కుక్క తప్పులు కావు. పిలిచేవాళ్లు ముందుగా ఆలోచించాల్సినవి.

మన చట్టం ఏం చెబుతోంది

మన దేశంలో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది, 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. మద్యం, మత్తు వాడకం వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా అది మానసిక అనారోగ్యంలోనే చేర్చింది. కాబట్టి డీ-అడిక్షన్ వార్డు దాని పరిధిలోదే. 20వ సెక్షను రోగికి క్రూరమైన, అమానుషమైన, కించపరిచే ప్రవర్తన నుంచి రక్షణ ఇస్తుంది. గోప్యత, ఒంటిని కప్పే సరైన బట్టలు, తన బట్టలే తాను వేసుకునే హక్కు, బలవంతంగా గుండు చేయించకూడదన్న నియమం అన్నీ అందులో ఉన్నాయి. 97వ సెక్షను ప్రకారం రోగిని కట్టి ఉంచడం శిక్షగా వాడకూడదు. సిబ్బంది తక్కువ ఉన్నారన్న సాకుతోనూ వాడకూడదు. అలా చేసిన ప్రతిసారీ మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు నెలవారీ నివేదికలో తెలపాలి.

ఇంత వివరంగా రాసిన చట్టంలో సోదా గురించి ప్రత్యేక అధ్యాయమేదీ లేదు. ఇక్కడే ఒక విచిత్రం ఉంది. మత్తు పదార్థాల చట్టం, అంటే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం, 50వ సెక్షను చదవండి. గంజాయి మోస్తున్నాడని అనుమానించిన మనిషి ఒంటిని పోలీసు సోదా చేసేముందు, గెజిటెడ్ అధికారి ఎదుటనో మేజిస్ట్రేటు ఎదుటనో సోదా చేయించుకునే హక్కు నీకుందని అతనికి చెప్పాలి. స్త్రీని స్త్రీయే సోదా చెయ్యాలి. ఆ హక్కును చెప్పి తీరాలని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనాలు 1999లో బల్దేవ్ సింగ్ కేసులో, 2010లో జడేజా కేసులో స్పష్టంగా అన్నాయి.

అంటే రోడ్డుమీద దొరికిన అనుమానితుడికి రాసిపెట్టిన హక్కు ఉంది. వార్డులో మంచం మీద ఉన్న రోగికి సెక్యూరిటీ గార్డు ఎదుట రాసిపెట్టిన హక్కు లేదు! జబ్బుపడటం నేరం చెయ్యడం కంటే పెద్ద తప్పా? వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు చెప్పారు. ఆ కేసు వేసిన పుట్టస్వామిగారు కర్ణాటక హైకోర్టు మాజీ న్యాయమూర్తి. ఆ తీర్పు ఆసుపత్రి గేటు దగ్గర ఆగిపోదు.

చట్టాన్ని పట్టించుకోనంతకాలం ఏమవుతుందో తమిళనాడులోని మన పాఠకులకు తెలుసు. 2001 ఆగస్టు 6న రామనాథపురం జిల్లా ఏర్వాడిలో ఒక షెడ్డుకు నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసిన మానసిక రోగులు లేచి పారిపోలేక 28 మంది కాలిపోయారు. వాళ్లను కట్టేసినవాళ్లు కూడా భద్రత కోసమే అన్నారు. భద్రత అన్న మాట మంచిదే. కానీ ఆ మాట వినబడగానే "ఎవరి భద్రత?" అని అడగడం మనం అలవాటు చేసుకోవాలి.

ఎన్‌డీపీఎస్ చట్టంలోనే మరో మంచి సెక్షను ఉంది, 64ఎ. కొద్ది మొత్తంతో పట్టుబడ్డ వ్యసనపరుడు స్వచ్ఛందంగా చికిత్సకు ముందుకొస్తే అతనిపై విచారణ నుంచి మినహాయింపు దొరుకుతుంది. చట్టం దారి చికిత్స వైపు తెరిచింది. చికిత్సకు వచ్చినవాడి మంచం దగ్గరకే పోలీసు కుక్కను తెచ్చి, చిటికెడు దొరికితే కేసు పెడితే ఆ తలుపును మనమే మూసినట్టు. ఆ వార్త బస్తీలో తెల్లారేసరికి పాకుతుంది. ఆ తర్వాత ఏ తల్లి తన కొడుకును ఆసుపత్రికి తెస్తుంది?

మేము అడిగేవి

ఆ సమావేశంలో నేను చెప్పలేకపోయినవి ఇక్కడ రాస్తున్నాను. మీ ఊళ్లోని ఆసుపత్రినీ మీరు ఇవే అడగవచ్చు.

1. సోదా విధానం రాసి, గోడకు అంటించండి. స్థానిక భాషలోనే కాదు, రోగులు మాట్లాడే భాషల్లో. బళ్లారిలోనైనా, బరంపురంలోనైనా, షోలాపూర్‌లోనైనా తెలుగులో కూడా. చేర్చుకునే రోజే చదివి వినిపించండి.

2. ముందు అడగండి. ఒప్పుకోనివాడి విషయం డాక్టరుకు చెప్పండి, గార్డుకు కాదు. ఒంటి సోదా అవసరమైతే మూసిన గదిలో, ఇద్దరు శిక్షణ పొందిన సిబ్బంది, రోగి లింగానికి చెందినవాళ్లే. వరండాలో బట్టలు విప్పించడం ఇక ఎప్పుడూ వద్దు.

3. ఒకరి తప్పుకు వార్డు మొత్తాన్ని శిక్షించవద్దు. ఎవరిని, ఎందుకు సోదా చేశారో రాయండి. కట్టేసిన సంఘటనల్లాగే ఈ లెక్కను కూడా సమీక్షా బోర్డు చూసే ఏర్పాటు చెయ్యండి.

4. కుక్కను పిలవాల్సి వస్తే ముందు గదులు ఖాళీ చేసి గదులకే పరిమితం చెయ్యండి. మౌనంగా కూర్చునే కుక్కనే పిలవండి, నడిపించేవాళ్లు మామూలు బట్టల్లో రావాలి. నర్సు పక్కనే ఉండాలి. భయపడేవాళ్లనూ, మతపరమైన ఇబ్బంది ఉన్నవాళ్లనూ ముందే అడిగి దూరంగా ఉంచండి. ఒక్క కుక్క సూచన మీదే ఎవర్నీ దోషిగా చూడవద్దు.

5. తనిఖీ అందరికీ ఒకటే. రోగికీ, బంధువుకూ, అటెండరుకూ, సెక్యూరిటీకీ, డాక్టరుకూ, పాస్టరుకూ. సరుకు గోడ దూకి రాదు, ఎవరి చేతిలోనో వస్తుంది. రోగినే వెతికి గేటును వదిలేసే తనిఖీ నిజం తనిఖీ కాదు.

6. వాడకం కోసం ఉంచుకున్నది దొరికితే అది మొదట చికిత్స సమాచారం. డాక్టరు తెలుసుకోవాలి, మందు మార్చాలి, మాట్లాడాలి. వార్డులో అమ్మేవాడి సంగతి వేరు, అక్కడ పోలీసు అవసరమే. ఈ రెంటినీ కలపవద్దు.

7. సోదా అయిన సాయంత్రం ఎవరైనా వెళ్లి రోగి పక్కన కూర్చోవాలి. "ఇలా ఎందుకు చేశామంటే" అని చెప్పాలి. తప్పు జరిగితే క్షమించమని అడగాలి.

ఇవన్నీ చేస్తే ఖర్చవుతుందా? రెండో నంబరుకు ఒక తలుపున్న గది కావాలి. మూడో నంబరుకు ఒక రిజిస్టరు కావాలి. ఏడో నంబరుకు ఒక కుర్చీ కావాలి. రాత్రి డ్యూటీలో నలభైమంది రోగులకు ఇద్దరు సిస్టర్లను పెడితే మాత్రం ఏ విధానమూ నిలబడదు. చెయ్యి విరిగిన ఆ సిస్టర్‌కు గౌరవం అంటే సరిపడా తోటి సిబ్బంది. రోగి హక్కునూ నర్సు హక్కునూ వేర్వేరు పళ్లేల్లో పెట్టి తూచేవాళ్ల మాట నమ్మకండి.

మన వంతు

మనవైపూ ఒక వేలు చూపించుకోవాలి. ఆసుపత్రికి పరామర్శకు వెళ్లే మనం గేటు దగ్గర సంచి విప్పమంటే "మేము చర్చివాళ్లం" అంటాం. ఇకనుంచి మనమే ముందుగా సంచి తెరుద్దాం. ప్యాకింగు విప్పని వస్తువే తీసుకెళదాం. నర్సుకు చూపించి ఇద్దాం. "పాపం, అడిగాడని" ఖైనీ ప్యాకెట్టు చేతిలో పెట్టే ప్రేమ ప్రేమ కాదు.

సమాధుల మధ్య గొలుసులతో తిరిగిన ఒక మనిషి కథ మనందరికీ తెలుసు. ఊరు అతన్ని ఎన్నిసార్లు కట్టినా ఆగలేదు. చివరికి స్వస్థపడ్డాక ఊరివాళ్లు చూసిన మొదటి గుర్తు అతను బట్టలు కట్టుకుని కూర్చుని ఉండటం. నేను ఎన్నో ఏళ్లు ఆ కథను ప్రసంగించాను గానీ, స్వస్థతకూ ఒంటిమీది బట్టకూ ఉన్న సంబంధం ఆ వరండా సంగతి విన్నాకే నాకు తట్టింది.

చట్టం చేతిలో ఉన్నవాళ్లు కూడా కదలాలి. రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీలు సోదా మీద మార్గదర్శకాలు తేవాలి. రోగికి, అతను నియమించుకున్న ప్రతినిధికి ఫిర్యాదు హక్కు ఆ చట్టంలోనే 28వ సెక్షనులో ఉంది. ముందు ఆసుపత్రి బాధ్యుడైన వైద్యాధికారికి, అక్కడ న్యాయం దొరకకపోతే సమీక్షా బోర్డుకు వెళ్లవచ్చు. ఉచిత న్యాయ సహాయమూ ఉంది. మన సంఘాల్లోని న్యాయవాదులు నెలకు ఒక్క పూట ఇందుకోసం కూర్చోగలిగితే ఎంతో మేలు.

ఇక ఆ తల్లి సంగతి. వచ్చే వారం అబ్బాయిని మళ్లీ ఓపీకి తీసుకెళ్లాలని నిర్ణయించుకున్నాం. వాడు ఒక్క షరతు పెట్టాడు: "గేటు దగ్గర నన్ను వెతకాలంటే వెతకనివ్వండి. నాకేం భయం లేదు. కానీ ముందు నా పేరు అడగమనండి."

యాజమాన్యానికి ఆ మాట రాసి పంపాను. వాళ్ల జవాబు ఇంకా రాలేదు. వచ్చినా రాకపోయినా ఆ ఉదయం నేను వాడి పక్కనే వరసలో నిలబడతాను, సంచి తెరుచుకుని.